నలుగురం కలిసి సున్నా నుంచి కోడింగ్ నేర్చుకుని బ్లాక్‌చెయిన్ డెవలపర్లు అవ్వాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

నలుగురం_ఒకటే:

అందరికీ నమస్కారం. మేం నలుగురం. ఇద్దరివి బీకాం, ఒకరిది బీఎస్సీ, ఒకరిది మెకానికల్ డిప్లొమా. కోడింగ్ ఎవరికీ రాదు, ఎక్సెల్‌లో వీ-లుకప్ ఫార్ములా దాకా వచ్చు. ఇద్దరం విజయవాడ, ఒకరు కరీంనగర్, ఒకరు దుబాయ్‌లో ఉద్యోగం. రోజుకు గంటన్నర, ఆదివారం నాలుగు గంటలు కుదురుతుంది. ఎథీరియం అనే బ్లాక్‌చెయిన్ మీద స్మార్ట్ కాంట్రాక్టులు (షరతుల ప్రకారం డబ్బు కదిలించే ప్రోగ్రాములు) రాసే పని నేర్చుకోవాలనుకుంటున్నాం.

మా ప్లాన్ ఇది: సబ్జెక్టులు పంచుకోవడం. ఒకరు జావాస్క్రిప్ట్, ఒకరు సాలిడిటీ (ఆ కాంట్రాక్టులు రాసే భాష), ఒకరు రియాక్ట్ (వెబ్ పేజీలు కట్టే లైబ్రరీ), ఒకరు సెక్యూరిటీ. ఎవరు నేర్చుకున్నది వాళ్లు ఆదివారం మిగతావాళ్లకు చెప్పాలి.

1. ఈ పంపకం పనికొస్తుందా?
2. నేరుగా సాలిడిటీతో మొదలుపెట్టొచ్చా?
3. అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్‌వాళ్లు 45 రోజుల కోర్సు, మనిషికి 40 వేలు అంటున్నారు. సిలబస్‌లో ట్రఫుల్, గనాష్ అనే టూల్స్, రింకెబీ అనే టెస్ట్‌నెట్ (ఉత్తుత్తి డబ్బుతో నడిచే పరీక్ష నెట్‌వర్క్) ఉన్నాయి. చేరొచ్చా?
4. నలుగురివీ 8 జీబీ ర్యామ్, విండోస్ లాప్‌టాప్‌లు. చాలుతాయా?

గ్యాస్_లెక్క:

మూడోదానికి ముందు జవాబు, ఎందుకంటే డబ్బుతో పని. చేరకండి. ట్రఫుల్, గనాష్ రెండింటినీ ఆపేస్తున్నట్టు వాటి కంపెనీయే 2023 సెప్టెంబర్‌లో ప్రకటించింది. రింకెబీ నెట్‌వర్క్ అసలు లేదు. దాని తర్వాత అందరూ వాడిన గోయెర్లీ కూడా పోయింది. ఇప్పుడు కాంట్రాక్టులు పరీక్షించుకునేది సెపోలియా మీద. ఏ కోర్సుకైనా, ఏ యూట్యూబ్ ప్లేలిస్టుకైనా ఇదే పరీక్ష పెట్టండి: కోడ్ మొదటి లైన్లో సాలిడిటీ వెర్షన్ చూడండి. 0.8 కంటే కింద ఉంటే పక్కన పెట్టేయండి. టైమ్ కోసం ‘నౌ’ అని రాసి ఉంటే అది 0.7 కంటే పాతది, ఆ కోడ్ ఇవాళ కంపైల్ కూడా అవ్వదు. 0.8లో కూడికలు, తీసివేతలు హద్దు దాటితే లావాదేవీ దానంతటదే ఆగిపోతుంది. అంతకుముందు సున్నాలోంచి ఒకటి తీసేస్తే ఊహకందని పెద్ద అంకె వచ్చి కూర్చునేది. దాన్ని ఆపడానికి సేఫ్‌మ్యాత్ అనే లైబ్రరీ తగిలించేవాళ్లు. ఈరోజుకీ సేఫ్‌మ్యాత్‌ను పాఠంగా చెబుతున్నారంటే ఆ పాఠం 2020 డిసెంబర్‌కి ముందుది.

పంపకం గురించి. వద్దు. నలుగురు ఈత నేర్చుకుంటూ ఒకరు చేతులు, ఒకరు కాళ్లు ఆడించినట్టుంటుంది. సెక్యూరిటీ తీసుకున్నవాళ్లకు సాలిడిటీ రాకపోతే దేంట్లో తప్పు వెతుకుతారు? నలుగురూ అన్నీ రాయాలి. పంచుకోవాల్సింది సబ్జెక్టులు కాదు, ఒకరి కోడ్‌ను ఒకరు చదివే పని.

మీ లెక్కన వారానికి 13 గంటలు. ఆ లెక్కతోనే చెబుతున్నా:

మొదటి 10 వారాలు, అంటే 130 గంటలు, బ్లాక్‌చెయిన్ మాటే ఎత్తొద్దు. జావాస్క్రిప్ట్, గిట్ (కోడ్ మార్పులను గుర్తుపెట్టుకునే టూల్), టెర్మినల్ (కమాండ్లు కొట్టే తెర). వేరియబుల్స్, షరతులు, లూపులు, ఫంక్షన్లు, అర్రేలు, ఆబ్జెక్టులు, ఆ తర్వాత అసింక్-అవెయిట్. ఈ చివరిదాని దగ్గరే ఎక్కువమంది జారతారు. నెట్‌వర్క్‌ను ఏదైనా అడిగినప్పుడు జవాబు వెంటనే రాదు, ‘వస్తుంది’ అనే హామీ మాత్రమే చేతికొస్తుంది. ముందు అవెయిట్ పెట్టడం మరిచిపోతే బ్యాలెన్స్ బదులు ‘ప్రామిస్ పెండింగ్’ అని తెర మీద కనిపిస్తుంది. అది చూసి ఎందుకొచ్చిందో చెప్పగలిగిన రోజున ముందుకెళ్లొచ్చు.

11 నుంచి 20 వారాలు సాలిడిటీ. మొదటి వారం రీమిక్స్ చాలు, బ్రౌజర్‌లోనే రాసి నడపొచ్చు. రెండో వారం నుంచి ఫౌండ్రీకి (మన కంప్యూటర్‌లోనే కాంట్రాక్టులు కంపైల్ చేసి పరీక్షించే టూల్) మారిపోండి. టెస్టులు కూడా సాలిడిటీలోనే రాయొచ్చు కాబట్టి ఒకే భాషలో చేయి తిరుగుతుంది.

ఆ తర్వాతే రియాక్ట్, వాలెట్ (ఖాతా కీలు దాచే యాప్) కలపడం. ఇక్కడ ఒక మెలిక. ఒక ఈథర్ (ఎథీరియం మీద వాడే డబ్బు) అంటే 1 పక్కన 18 సున్నాల వెయ్‌లు (దాని అతి చిన్న ముక్కలు). జావాస్క్రిప్ట్ మామూలు అంకె తప్పులేకుండా పట్టుకోగలిగేది 9007199254740991 వరకే. అంటే 0.009 ఈథర్ దాటి కొంచెం వెళ్లగానే చివరి అంకెల మీద నమ్మకం లేదు! వెయ్ లెక్కలన్నీ బిగ్‌ఇంట్‌లోనే (ఎంత పెద్ద పూర్ణాంకమైనా పట్టే రకం) చేయాలి. జావాస్క్రిప్ట్ నుంచి ఎథీరియంతో మాట్లాడే ఈథర్స్ లైబ్రరీ 6వ వెర్షన్ మీకు బిగ్‌ఇంటే ఇస్తుంది. 5వ వెర్షన్‌లో సొంత బిగ్‌నంబర్ ఉండేది, ఫంక్షన్ల పేర్లూ వేరు. 5 కోసం రాసిన కోడ్ తెచ్చి 6లో అతికిస్తే ‘ప్రొవైడర్స్ అన్‌డిఫైన్డ్’ తరహా ఎర్రర్లు వరసకడతాయి.

లాప్‌టాప్‌లు చాలు. ఫుల్ నోడ్ (చెయిన్‌ను సొంతంగా సరిచూసే కంప్యూటర్) నడపాల్సిన పని లేదు. విండోస్‌లో డబ్ల్యూఎస్ఎల్ 2 (విండోస్ లోపలే లినక్స్ నడిపే ఏర్పాటు) వేసుకుని అందులో ఫౌండ్రీ పెట్టండి. రెండు జాగ్రత్తలు. ప్రాజెక్ట్ ఫోల్డర్ లినక్స్ హోమ్‌లో ఉండాలి. సీ డ్రైవ్‌లో పెట్టి అటునుంచి తెరిస్తే ప్రతి కంపైల్ నత్తనడకే. ఇక డబ్ల్యూఎస్ఎల్ మామూలుగా సగం ర్యామ్ దాకా తీసుకోగలదు. క్రోమ్‌తో పాటు తెరిస్తే 8 జీబీ ఉక్కిరిబిక్కిరవుతుంది. డబ్ల్యూఎస్ఎల్ కాన్ఫిగ్ ఫైల్లో మెమరీ 3 జీబీ అని హద్దు పెట్టండి.

పైథాన్_పక్షం:

పై సమాధానం బాగుంది కానీ మొదటి భాష జావాస్క్రిప్ట్ అనడం నాకు నచ్చలేదు. అందులో "5" అనే అక్షరానికి 1 కలిపితే "51" వస్తుంది, 1 తీసేస్తే 4 వస్తుంది. కొత్తవాళ్లకు ఇది నరకం. హార్వర్డ్ వాళ్ల సీఎస్50 ఆన్‌లైన్‌లో ఉచితం. స్క్రాచ్ (బ్లాకులు పేర్చి రాసే భాష) కాస్త చూపించి, సీ మీదుగా పైథాన్‌కు తీసుకెళ్తుంది. మెమరీ అంటే ఏమిటో సీ లో ఓసారి చూసినవాళ్లకు సాలిడిటీలో స్టోరేజ్‌కీ (చెయిన్ మీద నిలిచేది) మెమరీకీ (ఫంక్షన్ అవ్వగానే పోయేది) తేడా రెండు నిమిషాల్లో అర్థమవుతుంది. లేనివాళ్లు స్ట్రక్ట్‌ను (కొన్ని విలువల కట్టను) మెమరీలోకి కాపీ తీసుకుని, ఆ కాపీని మార్చి, "వాల్యూ సేవ్ అవ్వట్లేదు అన్నా" అని ఫోరమ్‌లో అడుగుతారు.

గ్యాస్_లెక్క:

మాట నిజమే. కానీ వాళ్ల దగ్గర వారానికి 13 గంటలే ఉన్నాయి, మూడు భాషలకు చాలవు. స్ట్రింగుల (అక్షరాల) మెలికకు చాలావరకు మందు టైప్‌స్క్రిప్ట్ (విలువల రకాలను ముందే సరిచూసే జావాస్క్రిప్ట్), ఆరో వారంలో మారిపోవచ్చు. సీఎస్50లో మొదటి ఐదారు వారాల పాఠాలు మాత్రం చూడమనే నేనూ చెబుతాను.

రివ్యూ_చేసేవాళ్లం:

కలిసి నేర్చుకోవడం గురించి ఎవరూ వివరంగా చెప్పలేదు కాబట్టి అది నేను రాస్తా.

గ్రూపులు ఆగిపోయేది పాఠం కష్టమై కాదు. ఒకరు ముందుకెళ్లిపోతారు, మిగతా ముగ్గురు ఆయన కోడ్ క్లోన్ (మొత్తం కాపీ) చేసుకుని "నడిచింది" అంటారు, అక్కడితో సరి. అందుకే వారానికి ఒకే చిన్న లెక్క తీసుకోండి, నలుగురూ విడివిడిగా, ఒకరిది ఒకరు చూడకుండా రాయండి. శనివారం రాత్రిలోపు గిట్‌హబ్‌లో పుల్ రిక్వెస్ట్ (నా కోడ్ చూసి కలపండి అనే అభ్యర్థన) పెట్టాలి. 150 లైన్లు దాటకూడదు, దాటితే ఎవరూ చదవరు, "బాగుంది బ్రో" అని అప్రూవ్ కొట్టేస్తారు. చదివినవాళ్లు కనీసం రెండు ప్రశ్నలు రాయాలి. ఆదివారం కాల్‌లో కోడ్ రాసినవాళ్లు నోరు విప్పకూడదు. దాన్ని చదివినవాళ్లే లైన్ లైన్ వివరించాలి. తడబడిన చోట కోడ్ అయినా బాగాలేదు, పాఠమైనా ఎక్కలేదు.

సాలిడిటీలోకి వచ్చాక ఇంకో నియమం: కాంట్రాక్ట్ రాసినవాళ్లు దాని టెస్టులు రాయకూడదు. రాసినవాడికి తను అనుకున్న దారే కనిపిస్తుంది.

ఎక్కడైనా ఇరుక్కుంటే 30 నిమిషాలు ఒంటరిగా చూడండి. తర్వాత గ్రూపులో పెట్టండి. పెట్టేటప్పుడు ఏం కమాండ్ కొట్టారు, ఏం రావాలనుకున్నారు, ఏం వచ్చింది, ఎర్రర్ మొత్తం టెక్స్ట్‌గా. ఫోన్‌తో స్క్రీన్‌కు తీసిన ఫొటో పంపితే జవాబివ్వొద్దు. కఠినంగా ఉంటుంది, కానీ సగం ప్రశ్నలు రాస్తుండగానే తేలిపోతాయి.

ఫౌండ్రీ ప్రాజెక్టులో గ్రూపులకు తప్పకుండా ఎదురయ్యేది: ఒకరు ప్రాజెక్ట్ మొదలుపెట్టి గిట్‌హబ్‌కు పుష్ చేస్తారు (పంపుతారు), మిగతావాళ్లు క్లోన్ చేస్తే ఓపెన్‌జెప్పెలిన్ (రెడీమేడ్ కాంట్రాక్టుల లైబ్రరీ) ఫైళ్లు దొరకట్లేదని ఎర్రర్. లైబ్రరీలు గిట్ సబ్‌మాడ్యూళ్లుగా (వేరే ప్రాజెక్టులకు పెట్టిన లింకులుగా) ఉంటాయి, మామూలు క్లోన్‌లో ఆ ఫోల్డర్లు ఖాళీగా వస్తాయి. క్లోన్ చేసేటప్పుడే రికర్స్ సబ్‌మాడ్యూల్స్ అనే ఆప్షన్ ఇవ్వాలి, లేదా తర్వాత సబ్‌మాడ్యూల్ అప్‌డేట్‌కు ఇనిట్, రికర్సివ్ తగిలించాలి. లైబ్రరీలుండే లిబ్ ఫోల్డర్‌ను చేత్తో కాపీ చేసి వాట్సాప్‌లో జిప్ పంపుకోకండి. ఎవరి దగ్గర ఏ వెర్షన్ ఉందో ఆ దేవుడికి కూడా తెలీదు.

నలుగురం_ఒకటే:

అందరికీ థ్యాంక్స్. పంపకం రద్దు. ఇన్‌స్టిట్యూట్ కూడా రద్దు. ఇంకో మాట. సాలిడిటీలోకి వచ్చాక అందరిలా టోకెన్ (సొంత డిజిటల్ నాణెం), ఎన్ఎఫ్‌టీ (ఒక డిజిటల్ వస్తువు నాదే అనే టోకెన్) కాకుండా చిట్టీ కాంట్రాక్ట్ చేద్దామనుకుంటున్నాం. నలుగురు సభ్యులు, నాలుగు నెలలు, పాట పాడటం, అంతా కాంట్రాక్టే చూసుకోవాలి. ఇది కొత్తవాళ్లకు ఎక్కువైపోతుందా?

పాట_పాడండి:

ఎక్కువ కాదు, భలే ఎంపిక. టోకెన్ అయితే ఓపెన్‌జెప్పెలిన్ నుంచి పది లైన్లలో వచ్చేస్తుంది, నేర్చుకునేది ఏమీ ఉండదు. చిట్టీలో డబ్బు లోపలికి రావాలి, బయటికి పోవాలి, గడువులుండాలి, రహస్యం ఉండాలి, ఎగవేత ఉంటుంది. పని మొత్తం అందులోనే ఉంది.

ముందే ఒక హెచ్చరిక. ఇది టెస్ట్ ఈథర్‌తోనే. అసలు డబ్బుతో నలుగురినీ పోగేసి నడిపితే అది చిట్‌ఫండ్స్ చట్టం 1982 కిందికి వస్తుంది, రిజిస్ట్రేషన్ కావాలి. కాంట్రాక్ట్ నడుపుతోంది కదా అంటే కుదరదు.

అంకెలు ఇలా పెట్టుకోండి. వాయిదా 0.001 టెస్ట్ ఈథర్, నలుగురికీ కలిపి 0.004. ‘నెల’ అంటే టెస్ట్‌నెట్ మీద 10 నిమిషాలు. ఒకరు 0.0005 తగ్గించుకుని పాడారనుకోండి. చిట్టీ ఎత్తినవాళ్లకు 0.0035, మిగిలిన 0.0005 నలుగురికీ డివిడెండ్, తలా 0.000125. ఇక్కడ నుంచి ఒక్కొక్క గొడవా మొదలు.

భాగాహారం. సాలిడిటీలో దశాంశాలు లేవు, 5ను 2తో భాగిస్తే 2. పాట 4తో భాగించలేని వెయ్‌లలో వస్తే 1, 2 లేదా 3 వెయ్‌లు ఎవరికీ చెందకుండా మిగిలిపోతాయి. విలువ లేనిదే, కానీ ‘కాంట్రాక్టులో ఉన్నది = అందరికీ ఇవ్వాల్సింది’ అని మీరు రాసే టెస్ట్ మాత్రం ఫెయిలవుతుంది. ఫౌండ్రీ ఫజ్ టెస్ట్ మామూలుగా 256 సార్లు రకరకాల అంకెలతో ప్రయత్నిస్తుంది కాబట్టి ఇది తొందరగానే దొరుకుతుంది. మిగులును చిట్టీ ఎత్తినవాళ్ల ఖాతాలో కలిపేయండి.

చెల్లింపు. డివిడెండ్‌ను లూప్ వేసి నలుగురికీ పంపొద్దు. సభ్యుల్లో ఒకరి చిరునామా (చెయిన్ మీద ఖాతా నంబర్) ఈథర్ తీసుకోని కాంట్రాక్ట్‌ది అయితే ఆ ఒక్క పంపకం ఫెయిలై మొత్తం వెనక్కి తిరుగుతుంది, మిగతా ముగ్గురి డబ్బూ ఇరుక్కుంటుంది. ఎవరికెంత రావాలో మ్యాపింగ్‌లో (చిరునామా పక్కన అంకె ఉండే పట్టికలో) రాసుకోండి, ఎవరిది వాళ్లే విత్‌డ్రా కొట్టి తీసుకుంటారు.

ఆ విత్‌డ్రా ఫంక్షన్‌లో మూడే అడుగులు: ఎంత రావాలో చూడటం, ఖాతాను సున్నా చేయడం, పంపడం. వరస ఇదే. పంపి ఆ తర్వాత సున్నా చేస్తే, డబ్బు అందుకునే కాంట్రాక్ట్ ఆ అందుకునే క్షణంలోనే మళ్లీ విత్‌డ్రాను పిలుస్తుంది. ఖాతా ఇంకా సున్నా కాలేదు కాబట్టి మళ్లీ డబ్బు వస్తుంది, మళ్లీ పిలుస్తుంది. 2016 జూన్ 17న ద డావో అనే పెట్టుబడి నిధి కాంట్రాక్ట్ నుంచి దాదాపు 36 లక్షల ఈథర్ ఈ దారినే బయటికెళ్లింది. దాన్ని సరిదిద్దడానికి నెట్‌వర్క్‌నే రెండుగా చీల్చాల్సి వచ్చింది, పాత చెయిన్ ఎథీరియం క్లాసిక్‌గా మిగిలింది. మీలో ఒకరు ఆ దొంగ కాంట్రాక్ట్ రాయాలి, చిట్టీని దోచి చూపించాలి. దోచలేకపోతే ఎందుకు దోచలేకపోయారో చెప్పాలి.

పాట. చెయిన్ మీద ప్రతి వేరియబుల్ ఎవరైనా చదవొచ్చు. ‘ప్రైవేట్’ అని రాస్తే వేరే కాంట్రాక్టులు చదవలేవు, అంతే. ఫౌండ్రీలోని కాస్ట్ స్టోరేజ్ కమాండ్‌తో మనుషులు ఇట్టే చదివేస్తారు. కాబట్టి పాటను రెండు దఫాలుగా పెట్టండి. మొదట పాట అంకె, ఒక రహస్య సంఖ్య, పాడేవారి చిరునామా మూడూ కలిపిన కెక్కక్256 హ్యాష్ (వెనక్కి తిప్పలేని, వేలిముద్ర లాంటి అంకె) మాత్రం ఇవ్వాలి. గడువు తర్వాత అసలు అంకె, రహస్య సంఖ్య బయటపెట్టాలి. రహస్య సంఖ్య లేకపోతే నాలుగైదు వేల అంకెలకు హ్యాష్‌లు కట్టి పోల్చి మీ పాట కనిపెట్టేస్తారు. చిరునామా కలపకపోతే పక్కవాడు మీ హ్యాష్‌నే కాపీ కొట్టి వేస్తాడు, మీరు బయటపెట్టగానే వాడూ అదే బయటపెడతాడు. ఇంకో చిన్న ఉచ్చు: నోడ్‌జేఎస్‌లో (బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్ నడిపేది) ఉండే ఎస్‌హెచ్ఏ3-256, ఎథీరియం కెక్కక్256 ఒకటి కావు, చివర జోడించే బిట్లు వేరు. ఈథర్స్‌లో ఉన్నదే వాడండి.

గడువు. ఒకటో తారీకు రాగానే కాంట్రాక్ట్ దానంతటది లేవదు. ఎవరో ఒకరు లావాదేవీ పంపి, కనీసం 21,000 గ్యాస్ (లావాదేవీ పనికి కొలత, దాన్నిబట్టే ఫీజు) కట్టి లేపాలి. ‘నెల ముగించు’ అనే ఫంక్షన్ ఎవరైనా పిలవగలిగేలా ఉంచండి, లోపల టైమ్ మాత్రం చూడండి. ఫోర్‌మన్ (చిట్టీ నడిపే మనిషి) ఒక్కరే పిలవాలని పెడితే ఆయన ఫోన్ పోయిన రోజున చిట్టీ ఆగిపోతుంది.

ఇక ఎగవేత. దీనికి మందు లేదు, అదే ఈ ప్రాజెక్టులో అసలు పాఠం. మొదటి నెల చిట్టీ ఎత్తినవాళ్లు 0.0035 పట్టుకుపోతే మిగతా మూడు వాయిదాలు ఎవరు రాబడతారు? ఇంటికెళ్లి అడగడానికి కాంట్రాక్టుకు కాళ్లు లేవు, జామీను సంతకం లేదు. సరే, మూడు వాయిదాలు 0.003 ముందే పట్టుకుందామంటే చేతికొచ్చేది 0.0005. అప్పటికే కట్టిన వాయిదా కంటే తక్కువ! అవసరానికి చిట్టీ ఎత్తడమనేదే అర్థం లేకుండా పోతుంది. ఈ లెక్క ప్రాజెక్టును వివరించే రీడ్‌మీ ఫైల్లో రాయండి. ఇంటర్వ్యూలో కోడ్ కంటే దీని మీదే ఎక్కువసేపు మాట్లాడతారు.

కీ_దాచుకో:

రెండు ముక్కలు, ఎవరూ అనలేదు కాబట్టి.

ఆన్విల్ (ఫౌండ్రీతో వచ్చే, మన కంప్యూటర్‌లోనే నడిచే ఉత్తుత్తి చెయిన్) మొదలుపెట్టగానే తెర మీద 10 ఖాతాలు, ఒక్కోదాంట్లో 10,000 ఈథర్, ప్రైవేట్ కీలు (ఖాతా తాళాల్లాంటి రహస్య అంకెలు) కనిపిస్తాయి. ఆ కీలు ప్రపంచంలో అందరికీ అవే. అసలు ఈథర్ వాటికి పంపితే లాగేయడానికి బాట్లు (వాటంతటవే నడిచే ప్రోగ్రాములు) కాచుకుని ఉంటాయి. మీ సెపోలియా కీ కూడా ఎన్వ్ ఫైల్లో (సెట్టింగులు రాసుకునే మామూలు టెక్స్ట్ ఫైల్) వద్దు, ఒక్క పుష్‌తో బయటపడుతుంది. కాస్ట్ వాలెట్ ఇంపోర్ట్‌తో పాస్‌వర్డ్ పెట్టి దాచండి. నేర్చుకునే వాలెట్‌లో అసలు డబ్బు ఒక్క పైసా ఉండకూడదు.

ఉద్యోగం ఇస్తామని లింక్డ్‌ఇన్‌లో వచ్చి, "ఈ రెపో క్లోన్ చేసి ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ కొట్టి బగ్ సరిచేయండి" అనేవాళ్లుంటారు. ఇన్‌స్టాల్ (లైబ్రరీలు దించే కమాండ్) కొట్టగానే వాళ్ల స్క్రిప్ట్ నడిచి బ్రౌజర్ పాస్‌వర్డులు, వాలెట్ ఫైళ్లు ఎత్తుకెళ్లే మోసం ఇది. అలాగే "ఈ కోడ్ రీమిక్స్‌లో పేస్ట్ చేసి డిప్లాయ్ చేసి కొంచెం ఈథర్ వేస్తే రోజూ లాభం" అనే బాట్ వీడియోలు. ఆ కోడ్‌లో ముక్కలు ముక్కలుగా దాచిన చిరునామా వాడిది. టెస్ట్ ఈథర్ డబ్బుకు అమ్మేవాళ్లనుంచి కూడా కొనకండి.

నలుగురం_ఒకటే:

చిట్టీ టెస్టుల దాకా వచ్చాం. ఒకచోట బుర్ర వేడెక్కింది. సీత సభ్యురాలిగా చేరినట్టు సెటప్‌లో ఉంది. ఫౌండ్రీ టెస్టుల్లో ఖాతాకు డబ్బు వేసే వీఎం డాట్ డీల్‌తో ఆమెకు 1 ఈథర్ ఇచ్చాం. తర్వాతి లైన్లో వీఎం డాట్ ప్రాంక్ సీత (సీతే పిలుస్తున్నట్టు నటించే కమాండ్). దాని కిందే చిట్టీ డాట్ కట్టు (వాయిదా కట్టే ఫంక్షన్), పంపే విలువ దగ్గర చిట్టీ డాట్ వాయిదా. ప్రతిసారీ ‘సభ్యులు కారు’ అని రివర్ట్ (లావాదేవీ రద్దు). రీమిక్స్‌లో చేత్తో చేస్తే మాత్రం పనిచేస్తోంది.

పాట_పాడండి:

కాంట్రాక్ట్‌లో తప్పు లేదు. ప్రాంక్ దాని తర్వాత వచ్చే ఒకే ఒక్క పిలుపుకు వర్తిస్తుంది. కట్టు కంటే ముందు విలువ లెక్కకట్టాలి కదా, అందుకోసం వాయిదాను పిలిచారు. అదీ బయటి పిలుపే. సీత వేషం దానికి ఖర్చయిపోయింది. కట్టు దగ్గరికి వచ్చేసరికి పిలుస్తున్నది మీ టెస్ట్ కాంట్రాక్ట్, అది సభ్యురాలు కాదు. టెస్టులు నడిపే ఫోర్జ్ టెస్ట్ కమాండ్‌కు మైనస్ పెట్టి నాలుగు ‘వీ’లు తగిలించి నడపండి. ప్రాంక్ లైన్ కింద కట్టు కాకుండా వాయిదా స్టాటిక్‌కాల్ (చదవడానికి మాత్రమే చేసే పిలుపు) అని కనిపిస్తుంది.

వాయిదాను ప్రాంక్‌కు ముందే ఒక వేరియబుల్‌లోకి తీసుకోండి. కట్టులో ఆ వేరియబుల్ ఇవ్వండి. స్టార్ట్‌ప్రాంక్, స్టాప్‌ప్రాంక్ వాడినా నడుస్తుంది కానీ స్టాప్ మరిచిపోతే ఆ టెస్ట్‌లో కింద ఉన్నవన్నీ సీతే చేసినట్టవుతాయి.

నలుగురం_ఒకటే:

పాసైంది. అదే తప్పు ఇంకో మూడు టెస్టుల్లోనూ ఉంది. అందులో ఒకటి ‘సభ్యులు కానివాళ్లు కడితే రివర్ట్ అవ్వాలి’ అనే టెస్ట్. అది ఇన్నాళ్లూ తప్పు కారణానికే పాసవుతోంది.